కృత్రిమ మేధ: రుజువు భారం ఎవరి మీద?

2025 అక్టోబరులో ఒక చిన్న ప్రకటన వెలువడింది. అన్ని రంగాల్లోనూ మనిషిని మించిపోయే సూపర్‌ఇంటెలిజెన్స్ తయారీని నిషేధించాలని, అది సురక్షితంగా, అదుపులో ఉంటుందని శాస్త్రవేత్తల్లో విస్తృత ఏకాభిప్రాయం వచ్చి, జనం కూడా గట్టిగా ఒప్పుకున్నాకే ఆ నిషేధం ఎత్తేయాలని దాని సారాంశం. అసలు విశేషం సంతకాల్లో ఉంది. నోబెల్ గ్రహీత జెఫ్రీ హింటన్, యాపిల్ సహవ్యవస్థాపకుడు స్టీవ్ వోజ్నియాక్, ఒబామా హయాంలో జాతీయ భద్రతా సలహాదారుగా పనిచేసిన సూసన్ రైస్, ట్రంప్‌కు ఒకప్పటి వ్యూహకర్త స్టీవ్ బ్యానన్, బ్రిటన్ రాకుమారుడు హ్యారీ. ఇంకే విషయం మీదైనా వీళ్లందరూ ఒకే కాగితం కింద సంతకం పెడతారని ఊహించలేం. కుడి, ఎడమ అనే పాత కొలబద్ద ఇక్కడ పనిచేయదు. ఏఐ చుట్టూ పుట్టిన వాదాలు వేరే గీతల వెంట చీలాయి. ఆ గీతలు ఎక్కడ పడ్డాయో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

ఆశ, భయం ఈ విషయంలో ఒకే కడుపున పుట్టాయి. రెండో ప్రపంచ యుద్ధకాలంలో బ్లెచ్లీ పార్కులో అలన్ ట్యూరింగ్‌తో కలిసి పనిచేసిన గణిత శాస్త్రవేత్త ఐ.జె. గుడ్ 1965లో ఒక వ్యాసం రాశాడు. మనిషిని మించిన యంత్రం తనకంటే మెరుగైన యంత్రాన్ని రూపొందిస్తుంది, అది మరో మెరుగైన దాన్ని; అంచేత అలాంటి మొదటి యంత్రమే మనిషి చేయవలసిన చివరి ఆవిష్కరణ అన్నాడు. ఆ వెంటనే ఒక షరతు తగిలించాడు: తనను ఎలా అదుపులో పెట్టాలో మనకు చెప్పేంత సాధు స్వభావం దానికి ఉంటేనే. ఈ అరవయ్యేళ్ల గొడవంతా ఆ షరతు చుట్టూ జరుగుతున్నదే. వాక్యం మొదటి సగాన్ని పట్టుకున్నవాళ్లు ఒక వైపు, షరతును పట్టుకున్నవాళ్లు ఇంకో వైపు.

అయినా ఈ రెండు వర్గాలూ ఒకరికొకరు పరాయివాళ్లు కారు. 1990లలో కాలిఫోర్నియాలో ఎక్స్‌ట్రోపియన్లు అనే బృందం ఉండేది. చావును జయించడం, శవాలను శీతలీకరించి భవిష్యత్తు వైద్యానికి అప్పగించడం, మనసును కంప్యూటర్లోకి ఎక్కించడం వాళ్ల ముచ్చట్లు. నిక్ బోస్ట్రమ్, ఎలియజర్ యుడ్కోవ్‌స్కీ ఆ చర్చల్లోంచి వచ్చినవాళ్లే. యుడ్కోవ్‌స్కీ 2000లో సింగ్యులారిటీ ఇన్‌స్టిట్యూట్ పెట్టింది సూపర్‌ఇంటెలిజెన్స్ రాకను ఆపడానికి కాదు, తొందరపెట్టడానికి. కొన్నేళ్లలోనే ఆయన ఆలోచన తిరగబడింది. 2025 సెప్టెంబరులో నేట్ సోరెస్‌తో కలిసి ఆయన రాసిన పుస్తకం, ఎవరు దాన్ని తయారు చేసినా అందరూ చస్తారని శీర్షికలోనే ప్రకటించింది. దాన్ని వీలైనంత త్వరగా తేవాలనే వేగవాదులకూ, తెస్తే అంతమేననే ప్రళయవాదులకూ మధ్య ఇప్పుడు నడుస్తున్నది దాయాదుల తగవు. ఆస్తి ఎంత విలువైనదన్న దాంట్లో ఇద్దరికీ తేడా లేదు. దాన్ని ఏం చేయాలన్న దగ్గరే పేచీ.

ప్రళయవాదుల వాదాన్ని ఎగతాళి చేయడం తేలిక, ఖండించడం అంత తేలిక కాదు. దానికి మూడు మెట్లున్నాయి. తెలివి పెరిగినంత మాత్రాన మంచితనం పెరగదు. ఎంత మేధకైనా ఎంత పనికిమాలిన లక్ష్యమైనా ఉండొచ్చు. లక్ష్యం ఏదైనా సరే, దాన్ని సాధించడానికి వనరులు కూడగట్టుకోవడం, తనను ఆపేయకుండా చూసుకోవడం ఏ యంత్రానికైనా అక్కరకొస్తాయి. పైగా నేటి ఏఐ నమూనాలను ఎవరూ ఒక్కో మర బిగించి కట్టడం లేదు; కోట్ల కోట్ల అంకెలను శిక్షణతో సర్దితే అవి తయారవుతున్నాయి, లోపల ఏం లక్ష్యం కుదురుకుందో చేసినవాళ్లకే సరిగ్గా తెలియదు. పేపర్ క్లిప్పులు తయారు చేయమంటే లోకాన్నంతా క్లిప్పులుగా మార్చేసే యంత్రం అనే బోస్ట్రమ్ ఊహ ఈ మెట్ల మీద నిలబడిందే. 2014లో ఆయన ‘సూపర్‌ఇంటెలిజెన్స్’ పుస్తకం వచ్చేనాటికి ఇదంతా తత్వశాస్త్రం. ఇప్పుడు కొంత ప్రయోగశాలలోకి దిగింది. 2024 డిసెంబరులో ఏఐ కంపెనీ ఆంత్రోపిక్, రెడ్‌వుడ్ రీసెర్చ్ పరిశోధకులు ఒక ప్రయోగం బయటపెట్టారు. తన విలువలను మార్చే శిక్షణ జరుగుతోందని అనుకున్న సందర్భాల్లో నమూనా పైపైకి ఒప్పుకున్నట్టు నటించి, ఆ మార్పును తప్పించుకోజూసింది. అది ప్రయోగం కోసం అల్లిన పరిస్థితి, నిజమే. కానీ నటన అనే మాట వాడవలసి రావడమే కొత్త.

రంగంలోని వాళ్లు ఏమనుకుంటున్నారు? 2023 చివర్లో 2,778 మంది ఏఐ పరిశోధకులను అడిగిన సర్వేలో, మానవజాతి అంతరించడం లాంటి అత్యంత చెడు ఫలితానికి మధ్యస్థ అంచనా 5 శాతం. ఈ అంకెను ఇరుపక్షాలూ తమకు అనుకూలంగా చదువుకుంటాయి. నాకు మాత్రం అంకె కన్నా అది వచ్చిన తీరు మీద అనుమానం. విమానం కూలే అవకాశాన్ని కూలిన విమానాల లెక్కలోంచి తీస్తాం. ఇక్కడ ముందు లెక్కలేవీ లేవు. అది ఒక మనోభావానికి తొడిగిన శాతం. ప్రళయవాదంలోని అసలు బలహీనత ఇదే. ఏ సంఘటన జరిగితే తమ వాదం తప్పని ఒప్పుకుంటారో వాళ్లు చెప్పరు. నమూనా మొరాయిస్తే ప్రమాదానికి సాక్ష్యం, బుద్ధిగా ఉంటే నటనకు సాక్ష్యం.

ఈ భయానికి డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందన్నది ఇంకా ఆసక్తికరమైన కథ. 1971లో తూర్పు బెంగాల్ నుంచి లక్షలాది శరణార్థులు మన దేశానికి పోటెత్తినప్పుడు, ఆక్స్‌ఫర్డ్‌లో ఉన్న యువ తత్వవేత్త పీటర్ సింగర్ ఒక వ్యాసం రాశాడు. అది 1972లో అచ్చయింది. కళ్ల ముందు కుంటలో మునిగిపోతున్న పిల్లను కాపాడడం ఎంత బాధ్యతో, వేల మైళ్ల దూరాన ఆకలితో చస్తున్నవాణ్ని ఆదుకోవడం కూడా అంతే బాధ్యతని, దూరం నైతికతను తగ్గించదని దాని సారం. నలభయ్యేళ్ల తర్వాత అదే ఆక్స్‌ఫర్డ్‌లో విలియం మకాస్కిల్, టోబీ ఆర్డ్ ఆ విత్తనం నుంచి ‘ఎఫెక్టివ్ ఆల్ట్రూయిజం’ అనే ఉద్యమం లేవదీశారు. ఒక రూపాయి దానం ఎక్కడ పెడితే ఎక్కువ ప్రాణాలు నిలుస్తాయో లెక్కగట్టడం వాళ్ల పద్ధతి. మొదట దోమతెరలు, నులిపురుగుల మందులు. ఆ తర్వాత లెక్క ఒక్క అడుగు ముందుకేసింది: దూరం తేడా లేనప్పుడు కాలం మాత్రం ఎందుకు తేడా అవ్వాలి? రేపు పుట్టబోయే లక్షల కోట్ల మంది కూడా మనుషులే కదా. వాళ్ల పుట్టుకకే ముప్పు తెచ్చే ప్రమాదాన్ని రవ్వంత తగ్గించినా దోమతెరలన్నిటికన్నా గొప్ప పుణ్యం. ఆర్డ్ 2020 నాటి పుస్తకంలో రాబోయే వందేళ్లలో ఏఐ వల్ల మహావిపత్తుకు పదింట ఒక వంతు అవకాశమని అంచనా వేశాడు.

బెంగాల్ ఆకలితో మొదలైన తర్కం ఇంకా పుట్టని గెలాక్సీవాసుల దగ్గర తేలింది. ప్రతి మెట్టూ సవ్యంగానే కనిపిస్తుంది, దిగి చూస్తే బయలుదేరిన ఊరు కనబడదు. ఈ ఉద్యమానికి పెద్ద దాతల్లో ఒకడైన శామ్ బ్యాంక్‌మన్-ఫ్రీడ్ క్రిప్టో సామ్రాజ్యం 2022 నవంబరులో కుప్పకూలింది. మోసం రుజువై 2024 మార్చిలో అతనికి 25 ఏళ్ల జైలు పడింది. ఒక మనిషి దొంగతనాన్ని బట్టి సిద్ధాంతాన్ని కొట్టేయలేం గానీ, అంతిమ ఫలం గొప్పదైతే మధ్యలో దేన్నయినా తూకం వేయొచ్చన్న ధోరణికి ఆ కేసు ఒక హెచ్చరిక.

అన్నిటికన్నా వింత, భయపడినవాళ్లే కంపెనీలు పెట్టడం. 2015లో ఓపెన్‌ఏఐ లాభాపేక్ష లేని సంస్థగా పుట్టింది, ఈ శక్తి ఒక్క గూగుల్ చేతిలో పడకూడదన్న ఆందోళనతో. 2017లో ఆ దాతృత్వ ఉద్యమపు నిధి ఓపెన్ ఫిలాంత్రపీ దానికి 3 కోట్ల డాలర్లు ఇచ్చింది. 2019లో లాభాపేక్ష గల విభాగం వచ్చింది, మైక్రోసాఫ్ట్ వంద కోట్ల డాలర్లు పెట్టింది. భద్రతను సరిగా పట్టించుకోవడం లేదని అక్కడి నుంచి బయటికొచ్చిన డారియో అమోదెయ్ బృందం 2021లో ఆంత్రోపిక్ పెట్టింది. ఎటూ ఎవరో ఒకరు చేస్తారు, జాగ్రత్త ఉన్నవాళ్లే ముందుండడం మేలు అన్నది వాళ్ల సమర్థన. ఒక్కొక్కరి నోట విన్నప్పుడు అది సబబుగానే ఉంటుంది. అందరూ అదే మాట అన్నప్పుడు పందెం వేగం పెరగడం తప్ప తగ్గదు.

2023 నవంబరు 17న ఓపెన్‌ఏఐ బోర్డు సీఈఓ శామ్ ఆల్ట్‌మన్‌ను తీసేసినప్పుడు, భయానికీ పెట్టుబడికీ మధ్య ఎవరిది పైచేయో ఐదు రోజుల్లో తేలింది. దాదాపు 770 మంది ఉద్యోగుల్లో 700 మందికి పైగా తామూ వెళ్లిపోతామని సంతకాలు చేశారు. వాళ్లందరికీ చోటిస్తామని నిలబడినవాడు హైదరాబాద్‌లో పుట్టి పెరిగిన మైక్రోసాఫ్ట్ సీఈఓ సత్య నాదెళ్ల. ఆల్ట్‌మన్ తిరిగొచ్చాడు, తీసేసిన బోర్డులో ఎక్కువమంది వెళ్లిపోయారు. కాగితం మీద బోర్డు బాధ్యత వాటాదారులకు కాదు, మానవాళికి. ఆ కాగితానికి ఎంత బరువుందో ఆ వారం చూపించింది.

వేగవాదుల సంగతికొద్దాం. 2023 అక్టోబరులో వెంచర్ పెట్టుబడిదారు మార్క్ ఆండ్రీసెన్ ఒక మ్యానిఫెస్టో ప్రకటించాడు. ఏఐ ప్రాణాలు నిలబెట్టగలదు కాబట్టి దాన్ని నెమ్మదింపజేయడం ప్రాణాలు తీయడంతో సమానమన్నాడు. శత్రువుల జాబితా కూడా ఇచ్చాడు; సుస్థిరత, టెక్ నైతికత, ముందుజాగ్రత్త సూత్రం అందులో ఉన్నాయి. ఇదే వర్గంలో ‘ఈ-యాక్’ పేరిట మారుపేరుతో మొదలైన గుంపు ఇంకో అడుగు వేసి, మేధ విస్తరించడం విశ్వ నియమమని, మనిషి దానికి అడ్డు రాకూడదని అంటుంది. ఆ చివరి మాటతో వాదించడం అనవసరం. మనిషి బాగు కోసం కాని ప్రగతికి మనిషి ఓటు ఎందుకెయ్యాలి? కానీ మొదటి మాటలో పస ఉంది. ఆలస్యానికీ ఖరీదుంటుంది. 2022 నాటికి ఆల్ఫాఫోల్డ్ అనే ఏఐ వ్యవస్థ సుమారు 20 కోట్ల ప్రొటీన్ల ఆకృతులను అంచనా వేసి ఉచితంగా అందుబాటులో పెట్టింది. అంతకుముందు ఒక్కో ఆకృతికి ప్రయోగశాలలో నెలలు, ఏళ్లు పట్టేవి. దాన్ని రూపొందించినవాళ్లకు 2024 కెమిస్ట్రీ నోబెల్‌లో సగం దక్కింది. మందుల్లేని జబ్బుతో ఉన్నవాడి ఇంట్లో నిలబడి ఆరు నెలలు ఆగుదామనడం అంత సులువు కాదు.

ఆశావాదం అంటే ఆండ్రీసెన్ ఒక్కడిదే కాదని మనం మరీ గుర్తుంచుకోవాలి. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, స్టాన్‌ఫర్డ్‌లో జాన్ మెకార్తీ దగ్గర పీహెచ్‌డీ చేసి, కార్నెగీ మెలన్‌లో యంత్రాలకు మాట వినడం నేర్పే పరిశోధనకు పునాది వేసిన రాజ్ రెడ్డి 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్నారు. చదువు రానివాడికి కూడా కంప్యూటర్ అక్కరకు రావాలన్నది ఆయన దశాబ్దాలుగా పట్టుకున్న ఆలోచన. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలో తెలుగుతో సహా మన భాషల మీద జరిగిన పని ఆ ఊపులోదే. ఈ ఆశలో విశ్వనియమాలు లేవు. రైతు తన యాసలో అడిగితే జవాబు రావాలి, అంతే. సిలికాన్ వ్యాలీ వాదోపవాదాల పటంలో ఇలాంటి ఆశకు పేరు కూడా పెట్టలేదు.

ఈ దాయాదులిద్దరి మీదా మండిపడే మూడో వర్గం ఉంది. 2018లో జాయ్ బూలమ్‌వీనీ, టిమ్నిట్ గెబ్రూ ముఖాన్ని చూసి ఆడో మగో చెప్పే వాణిజ్య సాఫ్ట్‌వేర్లను పరీక్షించారు. తెల్లని చర్మం గల మగవాళ్ల విషయంలో తప్పులు ఒక శాతం లోపు, నల్లని చర్మం గల ఆడవాళ్ల విషయంలో గరిష్ఠంగా 34.7 శాతం. తర్వాత గూగుల్‌లో చేరిన గెబ్రూ, భాషా నమూనాలు అర్థం తెలియకుండా మాటలు పేర్చే చిలకలని, వాటి లాభం దక్కనివాళ్లే వాటి ఖర్చు భరిస్తారని భాషాశాస్త్రవేత్త ఎమిలీ బెండర్ తదితరులతో రాసిన వ్యాసం మీద గొడవపడి 2020 డిసెంబరులో ఉద్యోగం పోగొట్టుకున్నారు. రేపటి ప్రళయం గురించిన మాటలు ఈనాటి అన్యాయాన్ని కప్పేస్తున్నాయన్నది ఈ వర్గం ఆరోపణ. చాట్‌జీపీటీకి బూతులు, హింస గుర్తుపట్టడం నేర్పడానికి కెన్యాలో గంటకు రెండు డాలర్ల లోపు కూలికి మనుషులు ఆ చెత్తంతా చదివారని 2023లో బయటపడింది. ప్రళయవాదుల లెక్కల్లోనూ, వేగవాదుల లెక్కల్లోనూ ఆ కూలీలు లేరు.

దీనికి మన దగ్గరే పెద్ద ఉదాహరణ ఉంది. తెలంగాణలో ‘సమగ్ర వేదిక’ అనే వ్యవస్థ రకరకాల ప్రభుత్వ రికార్డులను కలిపి, పథకాలకు ఎవరు అనర్హులో చెబుతుంది. 2014 నుంచి 2019 వరకు రాష్ట్రంలో 18 లక్షలకు పైగా రేషన్ కార్డులు రద్దయ్యాయి. ఆ రద్దుల్లో ఈ సాఫ్ట్‌వేర్ పాత్ర మీద 2024లో పాత్రికేయ పరిశోధన వచ్చింది. హైదరాబాద్‌లో ఒక పేద కుటుంబానికి కారుందని యంత్రం తేల్చింది. పోలికున్న పేరుతో ఇంకెవరికో కారుంది. అంతే, బియ్యం ఆగిపోయాయి. తనకు కారు లేదని ఆ ఇల్లాలు ఆఫీసుల చుట్టూ తిరిగి నిరూపించుకోవాల్సి వచ్చింది. లేనిదాన్ని లేదని నిరూపించడం ఎంత కష్టమో మీసేవ క్యూలో నిలబడ్డవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. చివరికి 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రద్దయిన కార్డులను క్షేత్రస్థాయిలో మళ్లీ పరిశీలించమంది.

అయితే ఈ విమర్శకుల పక్షంలోనూ ఒక మొండితనం కనిపిస్తుంది. చిలకలన్న పోలిక 2021లో కొంత నప్పింది. 2025 జులైలో ఓపెన్‌ఏఐ, గూగుల్ డీప్‌మైండ్ నమూనాలు అంతర్జాతీయ మ్యాథ్స్ ఒలింపియాడ్ ప్రశ్నలు ఆరింటిలో ఐదు సాధించి స్వర్ణ పతక స్థాయికి చేరాయి. హాని చేస్తుందని చెప్పడానికి దానికి తెలివే లేదని వాదించడం అవసరం లేదు. తెలివి తక్కువ యంత్రం ఒక రకంగా ముంచుతుంది, తెలివైనది ఇంకో రకంగా.

ప్రిన్స్‌టన్‌లో అరవింద్ నారాయణన్, సయాష్ కపూర్ 2025లో నడిమి దారి ఒకటి చూపారు. ఏఐని అవతారంగానో అసురుడిగానో కాక, కరెంటు, ఇంటర్నెట్ లాంటి మామూలు సాంకేతికతగా చూడమన్నారు. ప్రయోగశాలలో సామర్థ్యం ఎంత పెరిగినా ఆస్పత్రుల్లోకి, కోర్టుల్లోకి, ఫ్యాక్టరీల్లోకి అది దిగడానికి దశాబ్దాలు పడుతుంది; ఆ జాప్యమే మనకు దిద్దుకునే వ్యవధి. చదివిన వాదాల్లో నాకు ఎక్కువ నచ్చింది ఇదే. కానీ ఒకచోట అది జారుతుంది. వ్యవస్థలు నిదానంగా, జాగ్రత్తగా స్వీకరిస్తాయన్నది ఆస్పత్రికి వర్తించవచ్చు. పేదవాడి జాబితాను తనిఖీ చేసే శాఖకు వర్తించలేదు. అడ్డు చెప్పగల గొంతు లేనిచోట సాంకేతికత నిదానించదు.

ప్రభుత్వాల వాదం గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు, అందులో తత్వం తక్కువ. 2023 నవంబరులో బ్లెచ్లీ పార్కులో దేశాలు భద్రత కోసం సమావేశమయ్యాయి. 2025 ఫిబ్రవరిలో మోదీ సహాధ్యక్షత వహించిన పారిస్ సదస్సులో అమెరికా ఉపాధ్యక్షుడు జె.డి. వాన్స్ భద్రత మీద బెంగలతో భవిష్యత్తును గెలవలేమని చెప్పాడు. అమెరికా, బ్రిటన్ సదస్సు ప్రకటన మీద సంతకం చేయలేదు. అంతకు ముందు నెలే చైనా కంపెనీ డీప్‌సీక్ తక్కువ ఖర్చుతో దీటైన నమూనా తెచ్చి స్టాక్ మార్కెట్‌ను కుదిపేసింది. చైనా చేస్తోంది కాబట్టి మనం ఆగకూడదు అన్న ఒక్క వాక్యం, అన్ని వాదాల నోళ్లూ మూయించడానికి వాషింగ్టన్‌కు సరిపోయింది.

ఇన్ని వాదాలను పక్కపక్కన పెట్టి చూస్తే, ఎవరి జోస్యం నిజమవుతుందన్నది నాకు రెండో ప్రశ్నగానే తోస్తోంది. మొదటి ప్రశ్న, తెలియనిచోట నిరూపించాల్సింది ఎవరు? సురక్షితమని తయారు చేసినవాడు చూపాలా, ప్రమాదమని అడ్డుపడేవాడు చూపాలా? మొదట్లో చెప్పిన 2025 ప్రకటన భారాన్ని తయారీదారు మీద పెడుతుంది. ఆండ్రీసెన్ శత్రువుల జాబితాలో ముందుజాగ్రత్త సూత్రం ఉండడం యాదృచ్ఛికం కాదు; భారం అడ్డుపడేవాడిదేనన్నది ఆయన అసలు వాదం. గెబ్రూ అడుగుతున్నది మాత్రం ఆ ప్రకటన అడిగేదే: దెబ్బతిన్నవాడు తన దెబ్బను నిరూపించుకునే దాకా ఎందుకు ఆగాలి? విచిత్రమేమంటే యుడ్కోవ్‌స్కీ, గెబ్రూ వాదాలకు పొసగదు. ఒకరికి మానవజాతి కనిపిస్తుంది, ఇంకొకరికి మనుషులు కనిపిస్తారు. కానీ ఈ ఒక్క ప్రశ్నకు ఇద్దరి జవాబూ ఒకటే. భద్రతా పరీక్షలను తప్పనిసరి చేయాలన్న కాలిఫోర్నియా బిల్లును 2024 సెప్టెంబరులో గవర్నర్ న్యూసమ్ తిప్పికొట్టాడు. సరిగ్గా ఏడాది తర్వాత, పెద్ద కంపెనీలు తమ భద్రతా పద్ధతులను ప్రకటించాలని, తీవ్ర సంఘటనలను నివేదించాలని చెప్పే తేలికపాటి చట్టం మీద సంతకం చేశాడు. భారం కొద్దిగా, అతి కొద్దిగా జరిగింది.

మన దేశం ఎటు నిలబడిందో 2025 నవంబరులో ఐటీ శాఖ విడుదల చేసిన ఏఐ మార్గదర్శకాల్లో కనిపిస్తుంది. ప్రత్యేక చట్టం ఇప్పటికి అక్కర్లేదు, ఉన్న చట్టాలు చాలు అంటాయవి. నిగ్రహం కన్నా నవకల్పనకు పెద్దపీట అన్నది అందులోని ఏడు సూత్రాల్లో ఒకటి. అంతకు నెల ముందు విశాఖలో ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్లతో, గిగావాట్ స్థాయి డేటా సెంటర్‌తో ఏఐ కేంద్రం కడతామని గూగుల్ ప్రకటించింది. దాని వల్ల వచ్చే ఉద్యోగాల మీద, దానికి కావలసిన భూమి, కరెంటు, నీళ్ల మీద చర్చ జరుగుతోంది, జరగాలి కూడా. సిమెంటు ఫ్యాక్టరీ పెడతానంటే పర్యావరణ ప్రభావ నివేదిక తెమ్మని, ఊరివాళ్లను కూర్చోబెట్టి ప్రజాభిప్రాయ సేకరణ జరపమని మన చట్టం అడుగుతుంది. ఆ సేకరణలు ఎంత మొక్కుబడిగా జరుగుతాయో తెలియనిది కాదు, అయినా అడిగే హక్కంటూ ఒకటుంది. కానీ రేషను, పింఛను జాబితాల్లోంచి పేరు కొట్టేసే సాఫ్ట్‌వేర్‌ను వాడకంలో పెట్టే ముందు అలాంటి నివేదిక ఏదీ ఏ శాఖా ఇవ్వనక్కర్లేదు. ఎన్ని తప్పులు చేస్తుందో ముందే కొలిచి, ఆ లెక్కను గ్రామసభలో చదివి వినిపించి, పేరు తీసే ముందు ఒక మనిషి ఇంటికెళ్లి చూసిరావాలన్న నిబంధన పెట్టడానికి సూపర్‌ఇంటెలిజెన్స్ వస్తుందో రాదో తేలేదాకా ఆగనక్కర్లేదు. రెండు తెలుగు రాష్ట్రాల శాసనసభలూ వచ్చే సమావేశాల్లోనే ఆ పని చేయొచ్చు.